పొత్తిగుడ్డల పెట్టె

ఇంట్లో కాన్పు దగ్గరపడుతున్నదంటే అటకమీది పెట్టె కిందికి దిగుతుంది. తెలుగువారి ఇళ్ళలో ఇది చిరకాలంగా ఉన్న అలవాటు. ఆ పెట్టెలో నగలుండవు, పట్టుచీరలుండవు. తాతగారి పాత పంచెలు, అమ్మమ్మ కట్టి విడిచిన నూలుచీరలు నలుచదరంగా చింపి, అంచులు మడిచి కుట్టిన గుడ్డలు మాత్రమే ఉంటాయి. వాటినే పొత్తిగుడ్డలంటాము. పెద్దబిడ్డకు వాడినవి రెండవ బిడ్డకూ, అక్క పిల్లలకు వాడినవి చెల్లెలి పిల్లలకూ అందుతూ ఉంటాయి. ఒక్కొక్క గుడ్డకు ఒక్కొక్క చరిత్ర ఉంటుంది. ఇది ఫలానావాడు పుట్టినప్పటిది, ఇది ఫలానా అమ్మాయి బారసాలనాటిది అని ఇంటి పెద్దలు చెప్పుకొని మురిసిపోతారు.

కొన్నేళ్ళ కిందట మా ఇంట్లోనూ అలాగే పెట్టె దిగినది. మా చెల్లెలి కూతురు రెండవ కాన్పుకు వచ్చి ఉన్నది. అప్పటికి ఎనిమిదవ నెల. పెట్టె మూత ఎత్తగానే కలరా ఉండల వాసన గుప్పుమన్నది. రెండేళ్ళ కిందట ఆ గుడ్డలను ఉతికి, ఎండబెట్టి, మడతకొక ఉండ చొప్పున వేసి పెట్టినది నేనే. "చూశావా, ఒక్క పురుగైనా పట్టలేదు" అన్నాను, నా జాగ్రత్తకు నేనే సంతోషిస్తూ.

అమ్మాయి ఒక్కొక్క గుడ్డా బయటకు తీస్తూ పోయి, అడుగున ఒక కాగితం మడత చూసి ఆగిపోయినది. పెద్దపిల్లవాడు పుట్టినప్పుడు ఆసుపత్రివారు ఇచ్చిన చీటీ అది. ఆ పిల్లవాడికి కామెర్లు త్వరగా తగ్గకపోతే రక్తపరీక్ష చేసి, జీ-6-పీడీ అనే ఎంజైము తక్కువగా ఉన్నదని తేల్చారు. వాడరానివాటి పట్టిక ఆ చీటీలో ఉన్నది. కొన్ని మలేరియా మందులు, కొన్ని సల్ఫా మందులు, ఒక జాతి చిక్కుడు గింజలు; వాటి కింద చివరి పంక్తిలో 'నాఫ్తలీన్ ఉండలు'.

"పెద్దమ్మా, ఇది చదివావా?" అన్నది అమ్మాయి. చదివాను. చదివి, భద్రంగా ఉంటుందని ఆ పెట్టెలోనే దాచాను. దానిమీదనే ఉండలు వేశాను. నాఫ్తలీన్ అన్నా కలరా ఉండ అన్నా ఒకటేనన్న సంగతి ఆనాడు నా మనస్సుకు తట్టనేలేదు.

ఈ మాసం గృహవిజ్ఞాన శీర్షికను పొత్తిగుడ్డలకు కేటాయించడానికి కారణం ఆ పెట్టె. పసిబిడ్డ గుడ్డలు ఉతకడం, దాచడం కూడా ఒక విద్యా అని కొందరు పాఠకులకు అనిపించవచ్చును. అది విద్యయే. తెలియక చేసిన చిన్న పొరపాటుకు పసిప్రాణాలు పోయిన ఉదంతాలు వైద్యచరిత్రలో నమోదై ఉన్నాయి.

కలరా ఉండ ఏమి చేస్తుంది?

నాఫ్తలీన్ గట్టి పదార్థమే అయినా కరగకుండానే ఆవిరిగా మారుతుంది. పెట్టెలో వేసిన ఉండ నెలలు గడిచేకొద్దీ చిక్కి మాయమవుతుందంటే, అది గాలిలోకీ గుడ్డల నూలులోకీ చేరినదన్నమాట. ఆ గుడ్డను బిడ్డకు కట్టినప్పుడు శ్వాస ద్వారానూ చర్మం ద్వారానూ అది శరీరంలో ప్రవేశిస్తుంది. ఒంటికి నూనె రాసి ఉంటే చర్మం దానిని మరింత సులభంగా పీల్చుకుంటుంది. మన పిల్లలకు నూనె రాయని రోజు ఉండదు కదా!

శరీరంలో చేరిన నాఫ్తలీన్ మార్పు చెంది, ఎర్రరక్తకణాలను దెబ్బతీసే పదార్థాలుగా తయారవుతుంది. ఆ దెబ్బనుంచి కణాన్ని కాపాడే ఏర్పాటుకు జీ-6-పీడీ ఎంజైము అవసరం. అది లోపించినవారిలో ఎర్రకణాలు పెద్దయెత్తున విచ్ఛిన్నమవుతాయి. అప్పుడు విడుదలయ్యే పచ్చని బిలిరుబిన్‌ను బయటకు పంపే శక్తి అప్పుడే పుట్టిన బిడ్డ కాలేయానికి ఇంకా పూర్తిగా వచ్చి ఉండదు. అది రక్తంలో పేరుకొని, హద్దు మీరితే మెదడును శాశ్వతంగా దెబ్బతీస్తుంది. 1963లో గ్రీసు దేశపు వైద్యులు ఈ విధంగా జబ్బుపడిన 21 మంది శిశువుల వృత్తాంతాన్ని ప్రకటించారు. వారిలో ఇద్దరు మరణించారు. చాలామంది బిడ్డలకు ఉండలు వేసిన బట్టలు ఒంటికి తగలనేలేదు. గదిలోని గాలియే చాలినది.

ఈ లోపం తల్లి ద్వారా సంక్రమిస్తుంది, మగపిల్లలలో ఎక్కువగా బయటపడుతుంది. మనదేశంలోనూ ఇది ఉన్నది. పైకి ఏ గుర్తూ కనిపించదు. చాలామందికి తమకు ఆ లోపం ఉన్నట్టు జీవితాంతం తెలియదు. కాబట్టి "మా వంశంలో అటువంటిదేమీ లేదు" అన్న ధైర్యానికి అర్థం లేదు. ఐరోపా సంఘం 2008లో నాఫ్తలీన్ ఉండల అమ్మకాన్ని నిషేధించినది. మనకు అవి వీధి చివరి దుకాణంలో ఇప్పటికీ దొరుకుతాయి.

ఇందులో ఒక విచిత్రం ఉన్నది. నూలుగుడ్డకు కలరా ఉండ అవసరమే లేదు. బట్టలు కొట్టే చిమ్మెట పిల్లలు తినేది ఉన్నిని, పట్టును. అనగా జంతుసంబంధమైన నారను. శుభ్రమైన నూలును అవి ముట్టవు. నూలుగుడ్డకు శత్రువులు మూడు: తేమవల్ల పట్టే బూజు, గంజికోసం వచ్చే వెండిపురుగులూ బొద్దింకలూ, గూడు కోసం వెదికే ఎలుకలు. గంజి లేకుండా, తేమ లేకుండా, ఎలుక దూరని పెట్టెలో దాచితే చాలును. నేను వేసిన ఉండలన్నీ వృథా. వృథా అయితే ఫరవాలేదు, ప్రమాదం కూడా.

ఇతరుల అనుభవాలు

గుడ్డవల్ల బిడ్డకు కీడు జరగడం ఈ ఒక్క రీతిలోనే కాదు. 1886లో రేనర్ అనే ఆంగ్లవైద్యుడు నవజాత శిశువుల శరీరం నీలంగా మారిన సంఘటనను వైద్యపత్రికలో వివరించాడు. పొత్తిగుడ్డలమీద అనిలీన్ సిరాతో ముద్ర వేశారు. ఆ సిరా చర్మం ద్వారా రక్తంలోకి చేరి, ప్రాణవాయువును మోసే శక్తిని హరించినది. ముద్ర వేసిన గుడ్డను ముందుగా ఉతికి ఉంటే అంత ప్రమాదం వచ్చేది కాదు. కొత్త గుడ్డను ఉతకకుండా పసిబిడ్డకు వేయరాదన్న మన పెద్దల మాట ఎంత విలువైనదో దీనివల్ల తెలుస్తుంది.

1967లో అమెరికాలోని సెయింట్ లూయీ నగరంలో ఒక ప్రసూతిశాలలో పసిపిల్లలు విపరీతంగా చెమటలు పోసి, జ్వరంతో, ఆయాసంతో జబ్బుపడ్డారు. ఇద్దరు మరణించారు. కారణం వెదకగా అది ఉతుకుడుశాలలో తేలినది. గుడ్డలకు బూజు పట్టకుండా ఉండాలని వాడిన పొడిలో పెంటాక్లోరోఫీనాల్ అనే విషపదార్థపు లవణం ఉన్నది. బాగా జాడించకపోవడంవల్ల అది గుడ్డలలో నిలిచిపోయినది.

ఈ ఉదంతాలన్నిటిలోనూ నేరస్థులెవరూ లేరు. అందరూ శుభ్రత కోసమో జాగ్రత్త కోసమో పాటుపడినవారే. మరికొంచెం భద్రంగా ఉండాలని గుడ్డకు ఏదో ఒకటి అదనంగా చేర్చారు, అంతే. పొత్తిగుడ్డల విషయంలో గుర్తుంచుకోవలసిన ప్రథమ సూత్రం ఇదే: మురికి పోవాలి, మురికిని పోగొట్టినది కూడా పోవాలి. చివరికి గుడ్డలో నూలు తప్ప మరేమీ మిగలరాదు.

పాతగుడ్డయే ఎందుకు?

బిడ్డకు మొదట పాతబట్టలే వేయాలన్న ఆచారం వెనుక ఎంతో అనుభవం ఉన్నది. కొత్త నూలుబట్టకు మగ్గంమీద పెట్టిన గంజి ఉంటుంది. పత్తికి సహజంగా ఉండే మైనపు పూత కూడా ఉంటుంది. అందువల్ల అది నీటిని వెంటనే పీల్చుకోదు. పలుమార్లు ఉతికిన తరువాతనే ఆ పూత పోయి, పోగులు విచ్చుకొని, మెత్తబడి, తడిని తాగుతుంది. తాతగారి పంచె నూరుసార్లు ఉతుకుకు వెళ్ళి వచ్చినది; దానిలో గంజీ లేదు, రంగూ లేదు. కొత్తగుడ్డలు కొన్నవారు కనీసం ఐదారుసార్లు ఉతికి, ఎండబెట్టి, అటుపిమ్మట వాడడం మంచిది.

ఎన్ని కావాలంటే, రోజూ ఉతికే ఇంటికి రెండు డజన్లు చాలును. వర్షాకాలపు కాన్పు అయితే మూడు డజన్లు. పిన్నీసుకు బదులు గుడ్డకే కుట్టిన నాడాలు క్షేమం. నడుము దగ్గర రెండు వేళ్ళు దూరేటంత వదులు ఉండాలి. కాళ్ళు నిటారుగా చాపి బిగించి చుట్టరాదు; తుంటి కీలు సరిగా అమరాలంటే మోకాళ్ళు వంచి, తొడలు ఎడంగా కదలడానికి వీలుండాలి.

ఉతుకుకు ముందు

తడిసిన గుడ్డనూ, మలం అంటిన గుడ్డనూ వేరు చేయడంతో పని మొదలవుతుంది. తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డ మలం నీటిలో సులభంగా కరిగిపోతుంది. ఆరవనెల తరువాత అన్నం మొదలుపెట్టినప్పుడు మలం గట్టిపడుతుంది; దానిని మరుగుదొడ్డిలో దులిపి, మొదటిసారి జాడించిన నీటిని కూడా అక్కడే పోయాలి. చంటిపిల్లల మలానికి దోషం లేదన్న నమ్మకం మనలో చాలామందికి ఉన్నది. పెరట్లోనో మురుగుకాలువలోనో పారబోయడం అందుకే. నిజానికి అందులో రోగక్రిములు పెద్దల మలంలో ఉన్నట్టే ఉంటాయి. విరేచనాలు కలిగించే రోటావైరస్ చాలా కొద్ది కణాలతోనే మరొక బిడ్డకు సోకగలదు. చేతులమీదా వస్తువులమీదా చాలాసేపు నిలిచి ఉంటుంది. 2016లో ఈ జబ్బుకు చుక్కల టీకాను ప్రభుత్వ కార్యక్రమంలో ప్రవేశపెట్టినప్పుడు మొదటి నాలుగు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. టీకా వేయించిన తరువాత కూడా గుడ్డ మార్చిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవడం మానరాదు. బిడ్డను తుడిచిన చేతితోనే పాలడబ్బా మూత తీయడం ఎంత సులభంగా జరిగిపోతుందో తల్లులకు తెలుసును.

ఒకసారి జాడించి పిండిన గుడ్డలను మూత ఉన్న పొడి బక్కెట్టులో ఉంచి, ఒక దినంలోగా ఉతకాలి. ఎక్కువసేపు నిలవ ఉంటే సూక్ష్మజీవులు మూత్రంలోని యూరియాను అమోనియాగా మారుస్తాయి. ముక్కు మండించే ఆ వాసన దానిదే. బిడ్డ ఒంటిమీది గుడ్డలోనూ ఇదే జరుగుతుంది. అమోనియావల్ల చర్మపు సహజమైన ఆమ్లగుణం తగ్గుతుంది. అప్పుడు మలంలోని జీర్ణరసాలు చురుకై లేతచర్మాన్ని ఒరుస్తాయి. తొడల సందున ఎర్రగా కందేది ఇందువల్లనే. దీనికి పౌడరు మందు కాదు. పౌడరు ధూళి బిడ్డ ఊపిరితిత్తులలోకి పోతుంది. గుడ్డను త్వరత్వరగా మార్చడం, ఒంటిని నీటితో కడిగి తడి అద్దడం, కొంతసేపు గుడ్డ లేకుండా గాలికి వదలడం, ఇవే మందులు. మడతలలో ఎర్రని పొక్కులు చుట్టూ పాకుతూ, మూడునాలుగు రోజులకు తగ్గకపోతే అది శిలీంధ్రం కావచ్చును, వైద్యునికి చూపాలి.

గుడ్డలను నీళ్ళ బక్కెట్టులో నానబెట్టే అలవాటున్నవారికి ఒక గట్టి హెచ్చరిక. పాకే బిడ్డ, నిలబడడం నేర్చుకుంటున్న బిడ్డ బక్కెట్టు అంచు పట్టుకొని లోపలికి వంగితే తలబరువువల్ల తిరిగి లేవలేదు. నాలుగు వేళ్ళ లోతు నీరు చాలును ప్రాణం పోవడానికి. కేక కూడా వినబడదు. నానబెట్టక తప్పకపోతే స్నానాలగది తలుపు గడియ వేసి ఉంచాలి. అసలు నానబెట్టకపోవడమే మేలు.

ఉతికే విధానం

మొదట చన్నీళ్ళతో జాడించాలి. నేరుగా వేడినీళ్ళు పోస్తే మలంలోని మాంసకృత్తులు గడ్డకట్టి మరక నూలులో పాతుకుపోతుంది. నీరు తేటగా వచ్చిన తరువాత, చేయి పట్టలేనంత వేడినీళ్ళలో కొలిచిన సబ్బుపొడి వేసి, గుడ్డలను కొంతసేపు ఉంచి ఉతకాలి. యంత్రం ఉన్నవారు 60 డిగ్రీల వేడి ఎంచుకోవచ్చును.

మనలో చాలా ఊళ్ళలో బోరునీరు కఠినజలం. అందులోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి కరగని జిడ్డుగా మారి నూలును పట్టుకుంటాయి. గుడ్డ బిరుసుగా, పచ్చగా మారి, తడిని పీల్చదు. "ఎంత ఉతికినా కంపుపోదు" అని కొందరు తల్లులు చేసే ఫిర్యాదుకు ముఖ్యకారణం ఇదే. సబ్బు వేయడానికి ముందు బక్కెట్టు నీటిలో ఒక పెద్ద చెంచాడు చాకలిసోడా కలిపితే ఆ లవణాలు విడిపోయి నీరు మెత్తబడుతుంది. రజకులు చవుడుమట్టితో చేసినది ఈ పనే. చవుడులో ఉండేది ప్రధానంగా సోడాయే. ఆ మట్టినీటిలో ముంచి, పెద్ద బానమీద ఆవిరిలో ఉడికించి, ఏటి నీటిలో జాడించి, ఇసుకతిన్నెలమీద ఎండలో ఆరవేసేవారు. క్షారం, వేడి, పారేనీరు, ఎండ. క్రిమిశాస్త్రం పేరు వినని కాలంలోనే మన పురిటి ఇళ్ళకు శుద్ధిచేసిన గుడ్డలు అందినది వారి చేతుల చలువవల్లనే. ఆ చేతులకు మనం ఇచ్చిన గౌరవం మాత్రం ఆ గుడ్డల తెలుపుకు తగినంత లేదు.

నూలుగుడ్డలను వారానికొకసారి పది నిమిషాలు మరిగించవచ్చును. విరేచనాలో, శిలీంధ్రమో సోకినప్పుడు తప్పనిసరిగా మరిగించాలి. ఇప్పుడు బజారులో దొరికే కవరు గుడ్డలకు లోపల పాలియురేథేన్ పొర ఉంటుంది. వాటిని మరిగిస్తే ఆ పొర ఊడిపోతుంది. వాటికి గోరువెచ్చని నీరు, నీడపట్టున ఆరబెట్టడం చాలును.

ఇక చేర్చకూడనివి. గంజి వద్దు. నీలిమందు వద్దు. బట్టలకు మెత్తదనం, పరిమళం ఇస్తామని అమ్మే ద్రవాలు వద్దు. అవి నూలుకు జిడ్డుపూత పూసి, పీల్చే గుణాన్ని చెడగొడతాయి. ఘాటైన క్రిమినాశక ద్రవాలు వద్దు. వేడినీరు, సబ్బు, ఎండ చేసే పనికి మించి అవి చేసేది లేదు, చర్మాన్ని మాత్రం మండిస్తాయి. బ్లీచింగు పొడిని నిమ్మరసంతో గాని, వెనిగరుతో గాని, అమోనియా కంపు కొట్టే బక్కెట్టులో గాని కలపరాదు. వెలువడే వాయువులు విషతుల్యాలు.

చివరి జాడింపు ముఖ్యం. మూడుసార్లు మంచినీటితో జాడించాలి. ఆఖరి నీటిలో నురుగు కనిపించరాదు, గుడ్డ వేళ్ళకు జారుడుగా తగలరాదు. నీటికి కరువున్న ఇళ్ళలో ఒక ఉపాయం ఉన్నది. ఈ రోజు మూడవసారి జాడించిన నీటిని దాచి, రేపటి మొదటి జాడింపుకు వాడుకోవచ్చును. దాచిన ఆ నీటిమీద మూత మరువరాదు.

ఎండ చేసే చికిత్స

ఉతికిన తరువాత కూడా పసుపుపచ్చని మచ్చలు కొన్ని మిగులుతాయి. వాటిని చూసి దిగులుపడనవసరం లేదు. తడిగుడ్డను దండెంమీద ఎండకు విప్పి వేస్తే సాయంత్రానికి మచ్చ సగానికి సగం పోతుంది, మూడు ఎండలకు మాయమవుతుంది. పాలుతాగే బిడ్డ మలంలో ఉండే పచ్చదనం చాలావరకు బిలిరుబిన్‌దే. కామెర్లలో కంటికీ ఒంటికీ పట్టే పచ్చదనం కూడా అదే. వెలుతురు సోకితే అది విరిగిపోతుంది.

ఈ గుణం వైద్యానికి ఎలా ఉపయోగపడినదో వినదగినది. 1956లో ఇంగ్లండులోని ఎసెక్స్ ప్రాంతంలో రాచ్‌ఫోర్డ్ ఆసుపత్రిలో శిశువుల విభాగాన్ని చూసే వార్డ్ అనే నర్సు, నెలలు నిండని బిడ్డలను ఎండపూట ఆరుబయటకు తీసుకువెళ్ళేది. ఒకనాడు ఆమె ఒక బిడ్డను వైద్యులకు చూపినది. ఒళ్ళంతా తెల్లబడి, దుప్పటి కొన కప్పి ఉన్న చోట మాత్రం పచ్చగా మిగిలినది. ఆ పరిశీలననుంచి పరిశోధన సాగి, 1958లో డాక్టర్ క్రీమర్, ఆయన సహచరులు కాంతిచికిత్సను లోకానికి వెల్లడించారు. నేడు కామెర్ల శిశువును నీలికాంతి దీపం కింద ఉంచడం దాని ఫలితమే. అయితే కామెర్లు వచ్చిన బిడ్డను మనమే ఎండలో పడుకోబెట్టి ఊరుకోరాదు. ఎండ గుడ్డకు చాలిన మందు. బిడ్డకు వైద్యుడు కావాలి.

వానాకాలంలో గుడ్డలను ఇంటిలోపల గాలి ఆడేచోట ఎడంగా ఆరవేసి, కొద్దిపాటి తడి ఉండగానే ఇస్త్రీ చేయాలి. వేడి ఇస్త్రీ తడినీ, మిగిలిన క్రిములనూ కూడా పోగొడుతుంది. పొయ్యి పొగ తగిలేచోట ఆరవేయరాదు.

తెల్లగుడ్డ చెప్పే కబుర్లు

పొత్తిగుడ్డ తెల్లగా ఉండాలనడంలో మరొక ప్రయోజనం ఉన్నది. మాట రాని బిడ్డ ఆరోగ్యం దానిమీద చదువుకోవచ్చును. పుట్టిన ఐదవరోజు తరువాత ఇరవైనాలుగు గంటలలో ఆరు, అంతకు మించి గుడ్డలు బాగా తడిస్తే పాలు చాలుతున్నాయని అర్థం. అంతకన్న తగ్గితే చూపించాలి. మొదటి రెండుమూడు రోజులలో ఇటుకపొడి వంటి ఎర్రని మరక కనిపించవచ్చును. అది మూత్రంలోని యూరేటు స్ఫటికాలది. పాలు పెరిగినకొద్దీ పోతుంది, పోకపోతే బిడ్డకు పాలు చాలడం లేదేమో చూడాలి. మూత్రం గుడ్డమీద ముదురు పసుపుగానో, కాఫీడికాషను రంగులోనో మరక చేస్తే ఆలస్యం చేయరాదు. ఎర్రకణాలు చితికిపోవడానికి అది ఒక గుర్తు. మలం తెల్లగా, సుద్దముద్దలాగా వస్తున్నదంటే పిత్తనాళాలు మూసుకొని ఉండవచ్చును. దానికి శస్త్రచికిత్స బిడ్డకు అరవై రోజులు నిండేలోగా జరిగితే ఫలితం మెరుగు. కామెర్లు రెండు వారాలు దాటినా తగ్గని బిడ్డ గుడ్డను తల్లి ఆసుపత్రికి వెంట తీసుకువెళ్ళి చూపడం సిగ్గుపడవలసిన విషయం కాదు.

వాడి పారవేసే డైపర్లు దొరుకుతుండగా ఈ శ్రమ దేనికని అడిగేవారున్నారు. ఉద్యోగానికి వెళ్ళే తల్లికి, నీళ్ళ ట్యాంకరు కోసం ఎదురుచూసే ఇంటికి, ప్రయాణంలో ఉన్నవారికి డైపరు పెద్ద సహాయం. వారిని తప్పుపట్టనక్కరలేదు. వాడిన డైపరును మాత్రం చుట్టి, వేరుగా ఇవ్వాలి. 2016 నాటి ఘనవ్యర్థాల నియమాలు ఆ మాటే చెప్పాయి. విప్పి పారవేసినదానిని చేతులతో ఏరవలసి వచ్చేది మరొక తల్లి. పర్యావరణానికి ఏది మేలన్న ప్రశ్నకు బ్రిటిష్ ప్రభుత్వ సంస్థలు 2008లో ప్రకటించిన అధ్యయనం ఆలోచింపజేసే సమాధానం ఇచ్చినది. ఒక బిడ్డకు రెండున్నరేళ్ళలో డైపర్లవల్ల వెలువడే కర్బనవాయువులు 550 కిలోలకు సమానమైతే, గుడ్డలవల్ల 570 కిలోలు. అంటే దాదాపు ఒకటే. కాని ఆ గుడ్డలనే యంత్రం నిండుగా వేసి ఉతికి, తీగమీద ఆరవేసి, రెండవ బిడ్డకు కూడా వాడితే ఆ లెక్క సుమారు 200 కిలోలు తగ్గుతుంది. తీగమీద ఆరవేయడం, రెండవ బిడ్డకు దాచడం మనకు ఎవరూ కొత్తగా నేర్పనక్కరలేదు. నేర్చుకోవలసినది మరొకటి ఉన్నది. ఆ ఉతుకు బాలింతదో, ఆమె తల్లిదో మాత్రమే కాదు. తండ్రి చేతులకు కూడా సబ్బునీరు పట్టుతుంది.

దాచే విధానం

బిడ్డకు గుడ్డల అవసరం తీరిన తరువాత వాటిని దాచే పద్ధతి చెప్పి ముగిస్తాను. గంజి లేకుండా ఉతికి, మరిగించి, రెండుమూడు ఎండలు చూపాలి. ఎండలోనుంచి తీసిన వేడిగుడ్డను వెంటనే పెట్టెలో పెట్టరాదు. చల్లారనిచ్చి మడవాలి, లేకుంటే లోపల చెమ్మ ఊరుతుంది. చిరిగినవి వేరుచేసి, తక్కినవాటిని ఉతికిన పాత దుప్పటిలో మూటకట్టి, మూత బిగువుగా పట్టే రేకు పెట్టెలో ఉంచాలి. పెట్టె గోడకు ఆనకుండా, నేలకు తగలకుండా ఎత్తుమీద ఉండాలి. ఏడాదికి రెండుసార్లు, వానలు వెలిసిన తరువాత ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి, విప్పి ఎండలో వేయాలి. కలరా ఉండలు గాని, కర్పూరం గాని, పురుగుమందు గాని ఆ పెట్టెలోకి రారాదు. కర్పూరం పసిపిల్లలకు మూర్ఛలు తెప్పించగల పదార్థం. ఉన్ని శాలువలు, పట్టుబట్టలు ఉన్న పెట్టెలో పొత్తిగుడ్డలను కలపరాదు. బిడ్డ పడుకొనే గదిలోనూ ఉండలుండరాదు. తిరిగి వాడేముందు మరొకసారి ఉతికి ఎండబెట్టాలి.

మా పెట్టె సంగతి చెప్పలేదు కదా. ఆ గుడ్డలను నెలరోజులు దండెంమీద ఉంచాము. నాఫ్తలీన్ నీటిలో సరిగా కరగదు, ఉతికినంతమాత్రాన పోదు. నాలుగుసార్లు ఉతికినా మడతల మధ్య ఆ వాసన ఎక్కడో ఉన్నట్టే అనిపించేది. వాటిలో మా అమ్మ కట్టిన చివరి నూలుచీర ముక్కలు ఎనిమిది ఉన్నాయి. వాటినైనా ఉంచుదామని నాకు ఆశ. అమ్మాయి నా వంక చూసి, "అమ్మమ్మ ఉంటే ఏమనేదో నువ్వే చెప్పు పెద్దమ్మా" అన్నది. చెప్పడానికి ఏమున్నది? మరునాడు మా వారి పాత పంచెలు నాలుగు చింపి, కొత్తగా రెండు డజన్లు కుట్టాను.

పుట్టినవాడు మగపిల్లవాడు. పరీక్షలో వాడికి కూడా అన్నగారి లోపమే ఉన్నట్టు తేలినది. కామెర్లు కొద్దిగా వచ్చి, వాటంతట అవే తగ్గాయి. ఇప్పుడు పెరట్లో పరుగులు తీస్తున్నాడు. ఆసుపత్రి చీటీలు రెండూ నేడు వంటింటి గోడమీద, అందరికీ కనిపించేచోట ఉన్నాయి.

పాఠకులలో ఎవరింట్లోనైనా అటకమీద అటువంటి పెట్టె ఉంటే, ఈ ఆదివారం ఒకసారి దించి, మూత తీసి వాసన చూడవలసినదిగా నా మనవి.